మోకాలి బొమ్మ దవాఖాన

జంగమ్మ నోటికి యాలాల్ మండలమంతా జడుస్తుందని ఒక మాట ఉంది. అందులో కొంత అతిశయం లేకపోలేదు. మండలమంతా కాదు, వాళ్ళ ఊరు, పక్క ఊరు, సంతలో గొర్రెలు బేరమాడే నలుగురు వ్యాపారులు, అంతే. ఆమె భర్త హన్మయ్యకు ఆ జడుపు కూడా లేదు. ముప్ఫై ఏళ్ళుగా విని విని ఆయన చెవులు రాటుదేలాయి.

గొర్రెలు కాసే కురుమల ఇళ్ళల్లో మందను మేతకు తోలుకెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళే. ఈ ఇంట్లో మాత్రం కట్టె జంగమ్మ చేతిలో ఉండేది. దానికి కారణం హన్మయ్య నడక. ఆయన ముందు నడిచాడంటే వెనక ఏం జరుగుతోందో చూడడు. పొద్దున అరవై గొర్రెలతో వెళ్ళి, సాయంత్రం యాభై ఎనిమిదింటితో వచ్చి, "మిగిలినయి ఎనక వస్తున్నయ్" అనేవాడు. రెండుసార్లు అలా అయ్యాక జంగమ్మ కట్టె లాక్కుంది. ఆమె పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తుంది. వెనకబడ్డది వచ్చి కలిశాకే మళ్ళీ కదులుతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క గొర్రె తప్పిపోలేదు.

అలాంటి మనిషి రెండో విడత కరోనాలో పడింది. పన్నెండు రోజులు పశువుల కొట్టంలో ఒంటరిగా ఉండి బయటపడింది. ఊరంతా సంతోషించింది, వ్యాపారులతో సహా. కానీ బయటకు వచ్చింది సగం జంగమ్మే. దొడ్డి నుంచి వాకిలి దాకా నడిస్తే గుండె దడదడలాడేది. నిద్రపోయి లేచినా ఒళ్ళంతా బండరాళ్ళు మోసినట్టుండేది. పొయ్యి మీద పప్పు పెట్టి, ఏం పెట్టానో మరిచిపోయి, మళ్ళీ కందిపప్పు డబ్బా తీసేది. ఏడాది దాటినా అదే తీరు.

తాండూరులో డాక్టరుకు చూపించారు. రక్తం తీశారు, గుండె పరీక్ష చేశారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. అన్నీ నార్మల్ అన్నారు.

"కాయితాలన్నీ మంచిగున్నయట. నేనొక్కదాన్నే మంచిగ లేను," అంది జంగమ్మ బయటకొచ్చి, మెట్ల మీద కూలబడుతూ.

ఊరన్నాక సలహాలకు కొదవా? ఒకరు దిష్టి అన్నారు. ఒకరు బలం సూది వేయించుకోమన్నారు. ఎదురింటి ఆవిడ, "వయసైపోతే అందరికీ అంతేలే," అంది. ఆమె జంగమ్మ కంటే నాలుగేళ్ళు పెద్దది. రోగం కంటే ఆ మాటే జంగమ్మను ఎక్కువ బాధపెట్టింది.

ఇక హన్మయ్య. ఆయన ఏడాదిపాటు మందను తనే తోలాడు, మూడు గొర్రెలు తప్పించాడు, ఒక పిల్లను కుక్కలపాలు చేశాడు. శ్రావణంలో ఒక పొద్దున గొంగడి దులుపుతూ, పెళ్ళాం మొహం చూడకుండా చెప్పాడు.

"సంతల బేరం చేసే బాల్‌రాజ్‌తోని మాట్లాడిన. దీపావళి ఎల్లినంక మందను కొనుక్కపోతడు."

"నన్ను అడుగకుంటనే?"

"అడిగితే ఒద్దంటవు."

అదీ నిజమే. జంగమ్మ తిట్టడానికి నోరు తెరిచింది, మూడో మాటకే ఊపిరి అందక గోడకు చేరగిలబడింది. తిట్టు మధ్యలో ఆగిపోవడం ఆమె జీవితంలో అంతకుముందు లేదు. ఆ రోజు గొర్రెల మధ్యకు వెళ్ళి కూర్చుని ఏడ్చింది. వాటిలో సగం ఆమె చేతుల్లో పుట్టినవి. మంద పోతే తనకు పొద్దున లేచే పని కూడా ఉండదని ఆమెకు తెలుసు. దీపావళిలోగా తను నడవాలి. అంతే, ఇంకో దారి లేదు.

గొర్రె తప్పిపోతే వెంటబడి పరుగెత్తకూడదు, నీళ్ళకు వచ్చే వాళ్ళందరినీ అడగాలి అని కురుమల పద్ధతి. జంగమ్మ తన రోగానికి మందును అలాగే వెతికింది. రేషన్ దుకాణం దగ్గర అడిగింది, ఆటోలో అడిగింది. ఆశా వర్కర్ మల్లీశ్వరి ఫోన్లో చూసి చెప్పింది.

"అత్తా, కరోనా పోయినంక గూడ గిట్ల మిగులుతదట. మస్తు మందికి ఉన్నదట. హైదరాబాద్ల దీనికే ఒక దవాఖాన పెట్టిన్రట."

"చూసినవా? దిష్టి గాదు, ముసలితనం గాదు!" అంది జంగమ్మ, ఎదురింటికి వినిపించేలా.

హైదరాబాదు పోయారు. పేరెందుకులే కానీ పెద్ద ఆస్పత్రే. ఆ విభాగం రోగులు తగ్గాక మూసేశామని ఒక కిటికీలో చెప్పారు. మామూలు ఓపీకి వెళ్ళమని ఇంకో కిటికీలో చెప్పారు. అక్కడికి చేరేసరికి ఆ రోజు చీట్లు అయిపోయాయి. మధ్యాహ్నం రైలుకు తిరుగు ప్రయాణం.

రైల్లో జంగమ్మ కోపమంతా హన్మయ్య మీదికి మళ్ళింది. "నీకు... గా కిటికీల కూసున్నాయనతోని... నాలుగు మాటలు..." అని ఆగి, "...మాట్లాడొస్తదా?" అని ముగించే లోపల రైలు ఒక స్టేషను దాటింది. ఎదురు సీటులో ఒకామె ఇదంతా చూస్తోంది. ఆమె పేరు సైరా. తాండూరులో నాపరాళ్ళ పాలిష్ చేసేవాడి భార్య.

"అక్కా, బురా మత్ మానో, ఏమనుకోకుండ్రి," అంది సైరా. "మీకు గూడ కరోనా తర్వాతనే నా గిట్ల?"

"నీకెట్ల తెల్సు?"

"నేను గూడ గిట్లనే మా ఆయన్ని తిట్టలేక పరేషాన్ అయిన. రొట్టెల పిండి పిసుకుతుంటే చెయ్యి పడిపోయేది. ఇప్పుడు జర మంచిగున్న. వికారాబాద్‌ల చూపించుకుంటున్న."

"వికారాబాద్‌లనా? ఏడ?"

"స్టేషన్ దాటి కుడికి పోతే మోకాలి బొమ్మ ఉంటది చూడు, పెద్ద బోర్డు."

జంగమ్మ, హన్మయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడో వికారాబాద్ వచ్చినప్పుడు ఆ బోర్డు కింద నిలబడి వాళ్ళు రెండుసార్లు ఛాయ్ తాగారు.

"అది మోకాళ్ళ దవాఖాన గద! ఊపిరాడకుంటే మోకాళ్ళ కాడికి ఎవలన్న పోతరా?" అన్నాడు హన్మయ్య.

"నేను గూడ గదే అన్న భాయ్. ఊపిరితిత్తుల డాక్టరే రాసి పంపిండు. ఎక్సర్‌సైజ్ చేపిచ్చే పిల్ల ఆడనే ఉంటది. మంచి పిల్ల. బోర్డు మీద అన్ని బొమ్మలు పడతయా?"

అటే పోయారు. అంటే ఆ రోజు కాదు, బుధవారం.

ముందు డాక్టరు చూశాడు. గుండె, ఊపిరితిత్తులు మరోసారి పరీక్షించి, ప్రమాదమేమీ లేదని తేల్చుకున్నాకే లోపలి గదికి పంపాడు. అక్కడ భవ్యశ్రీ ఉంది. ఇరవై ఆరేళ్ళుంటాయి, ఫిజియోథెరపీ చదివింది. జంగమ్మ వేలికి చిన్న క్లిప్పు తగిలించి, వరండాలోకి తీసుకెళ్ళింది. ఆ చివర ఒక ఎర్ర కుర్చీ, ఈ చివర ఒక ఎర్ర కుర్చీ.

"ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలమ్మా. ఎంత దూరం పోతరో చూస్త. పరుగెత్తొద్దు. మీరు రోజూ నడిచినట్టే నడవండి."

రోజూ నడిచినట్టే నడవమంటే జంగమ్మకు ఏం తెలుసు? పది అడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. నాలుకతో టక్కుమనిపించింది. మళ్ళీ పది అడుగులు. వరండాలో మోకాళ్ళ నొప్పులతో కూర్చున్న వాళ్ళంతా ఆమె ఎవరిని పిలుస్తోందో అని వెనక్కి చూడడం మొదలుపెట్టారు. హన్మయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

భవ్యశ్రీ కాగితం మీద దూరం రాసుకుని కంగారుపడింది. అంత తక్కువ దూరం అక్కడ ఎవరూ నడవలేదు. "ఊపిరి మంచిగనే ఉంది, గుండె కొట్టుకునుడు మంచిగనే ఉంది. మరి అన్నిసార్లు ఎందుకాగిన్రమ్మా? కండ్లు తిరిగినయా?"

"కండ్లెందుకు తిరుగుతయ్? ఎనక పడ్డదాన్ని చూస్కోవద్దా?"

"ఎనక ఎవరున్నరు?"

అప్పుడు హన్మయ్య ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే సంగతి చెప్పాడు. భవ్యశ్రీ కూడా నవ్వింది. జంగమ్మకు మాత్రం చిన్నతనంగా అనిపించి, గొర్రెల సంగతి తెలియని పిల్లకు బుద్ధి చెప్పడానికి పూనుకుంది.

"నవ్వకు బిడ్డా. మందల సూడి గొర్రె ఉంటది. అది అలిసినంక ఆపుదమంటే పనికి రాదు. అలవకముందే ఆపాలె. అలిసి ఒక్కసారి కూలబడ్డదంటే మూడు దినాలు లేవది. గందుకే ఆగి చూస్కుంట పోతం."

భవ్యశ్రీ చేతిలో కలం ఆగిపోయింది. "గా మాట మళ్ళొకసారి చెప్పుండ్రి."

జంగమ్మ మళ్ళీ చెప్పింది, ఈసారి కొంచెం గట్టిగా.

"సరే. పోయిన వారం మీరేం చేసిన్రు?"

"సోమవారం జర పానం మంచిగనిపిచ్చింది. దొడ్డంత ఊడ్చిన. నీళ్ళు మోసిన. కాగ్నా వాగు ఒడ్డుదాంక పోయొచ్చిన."

"మంగళవారం?"

"పండుకున్న."

"బుధ, గురువారం?"

"గప్పుడు గూడ పండుకున్న."

"అమ్మా, గొర్రెను అలవకముందే ఆపుతరు. మరి మీ అంతట మీరు మిమ్మల్ని ఎందుకు గిట్ల తోలుకుంటున్నరు?"

జంగమ్మ వెళ్ళి ఎర్ర కుర్చీలో కూర్చుంది. హన్మయ్య నవ్వడం మానేశాడు.

వైద్యమంతా దాదాపు అదే. బాగున్న రోజున సంబరపడి అన్ని పనులూ మీద వేసుకోవద్దు. ఒంట్లో సత్తువ ఉండగానే కూర్చోవాలి. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు గుండ్రంగా చుట్టి నెమ్మదిగా వదలాలి. ఈ చివరిది చూసి ఎదురింటి ఆవిడ, "పొయ్యి లేకుంటనే ఊదుతున్నవేంది?" అని అడిగింది. ఎక్కడెక్కడ ఆగిందీ రాసుకు రమ్మని భవ్యశ్రీ ఒక పుస్తకం ఇచ్చింది. జంగమ్మకు రాయడం రాదు. ఉన్ని దారానికి, ఆగినప్పుడల్లా ఒక ముడి వేసింది. వారం వారం ఆ దారాన్నే బల్ల మీద పరిస్తే భవ్యశ్రీ ముళ్ళు లెక్కపెట్టి తన పుస్తకంలో ఎక్కించుకునేది.

అంతా మెరుగుదలే అని చెబితే అబద్ధమవుతుంది. ఆరో వారం జంగమ్మ వికారాబాద్ నుంచి వచ్చేటప్పుడు ధారూర్‌లో దిగి కూతురు నాగరాణి ఇంటికి పోయింది. అక్కడ ఏదో శుభకార్యం. యాభై మందికి రొట్టెలు తనే చేస్తానని కూర్చుంది. మర్నాటి నుంచి ఐదు రోజులు మంచం. అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది అని వెక్కి వెక్కి ఏడ్చింది. హన్మయ్య నీళ్ళు తెచ్చి పెట్టాడు కానీ ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి, ఈ మనిషి తనమీద ఆశ వదులుకున్నాడనే జంగమ్మ అనుకుంది. వెనకబడ్డ గొర్రెను చూడకుండా పోయేవాడు, వెనకబడ్డ పెళ్ళాన్ని మాత్రం చూస్తాడా?

ఆ కోపమే పనిచేసిందో, భవ్యశ్రీ చెప్పిన పద్ధతే పనిచేసిందో, ఏడో వారానికి లేచింది. తొమ్మిదో వారానికి దొడ్డి నుంచి రోడ్డు దాకా, పదకొండో వారానికి పాత రాతి గనుల పక్క బీడు దాకా వెళ్ళింది. వికారాబాద్ వరండాలో ఆమె వెనక్కి చూడకుండా ఆరు నిమిషాలు నడిచిన రోజున మోకాళ్ళ నొప్పుల వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కర్రలు పక్కన పెట్టి మరీ కొట్టారు.

"ఇంక పూర్తిగా మునుపటి లెక్క అయితనా బిడ్డా?" అని అడిగింది.

"చెప్పలేనమ్మా. అయ్యేటోళ్ళున్నరు, కొంచెం మిగిలేటోళ్ళున్నరు. మీరు మాత్రం ముందుకే పోతున్నరు."

ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు జంగమ్మకు ఆ పిల్ల ఇంకా నచ్చింది.

దీపావళి వెళ్ళిన మూడో రోజు, జంగమ్మ ఎవరికీ చెప్పకుండా మందను విప్పింది. చెబితే వద్దంటారు. బీడు మీద నాలుగుసార్లు కూర్చుంది, ఒక్కసారి కూడా కూలబడలేదు. ఎండ నెత్తికెక్కకముందే, పూతకొచ్చిన కంది చేల గట్ల వెంట మందను తోలుకుంటూ ఇంటిదారి పట్టింది. గుండెల్లో ఒకటే సంతోషం. కంది పువ్వు ఇంత పసుపుగా ఉంటుందని మరిచేపోయింది.

తీరా వచ్చేసరికి దొడ్డి ముందు బాల్‌రాజ్ డీసీఎం వ్యాన్ నిలబడి ఉంది.

జంగమ్మ ఆగింది. పెదాలు గుండ్రంగా చుట్టి గాలి వదిలింది. పదకొండు వారాలుగా దాచుకున్న మాటలన్నీ వరుసలో పెట్టుకుంది. ఈసారి ఊపిరి సరిపోతుంది. మధ్యలో ఆగే ప్రసక్తే లేదు.

"బాల్‌రాజూ..." అని మొదలుపెట్టేలోగా అతనే ఎదురొచ్చాడు.

"వదినా, నువ్వన్న చెప్పు! అన్న మాట తప్పుతున్నడు. బండి కట్టుకోని వస్తే, ఆమె మళ్ళ నడుస్తున్నది, అమ్మను, పో అంటున్నడు. గిదేం న్యాయం?"

జంగమ్మ పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. హన్మయ్య దొడ్డి తడికకు ఆనుకుని నేల చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొడ్డి ఖాళీగా కనబడగానే పొద్దుటి నుంచీ ఆమె కోసం చెరువు కట్ట, వాగు ఒడ్డు తిరిగి వచ్చాడని కాళ్ళకున్న బురద చెబుతోంది.

"మరి ముందల ఎందుకు అమ్ముతనంటివి?" అని అడిగింది నెమ్మదిగా.

"గొర్రెలుంటే నువ్వాగుతవా? ఇయ్యాల కాకపోతే రేపన్న కట్టె పట్టుకోని పోతవు. ఏదో గట్టు మీద ఊపిరాడక పడిపోతవు, నాకు ఎర్క గూడ కాదు. గొర్రెలు లేకుంటనన్న ఇంట్ల ఉంటవనుకున్న." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గొర్రెలంటే మళ్ళ కొనుక్కుంట. నిన్నేడ కొనుక్కురావాలె?"

బాల్‌రాజ్ ఇబ్బందిగా వ్యాను వైపు తిరిగి, టైరును చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహమాటంలో డ్రైవరును కూడా తిట్టాడు.

జంగమ్మ కళ్ళు కొంగుతో తుడుచుకుంది. గొర్రెలు ఒక్కొక్కటే ఆమెను రాసుకుంటూ దొడ్డిలోకి పోతున్నాయి. హన్మయ్య వాటిని చూడడం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

"గా మాట ఏడాది కిందనే చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?"

"నువ్వు చెప్పనిస్తివా?" అన్నాడు హన్మయ్య.

జంగమ్మ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ ఊపిరి అందక తడిక పట్టుకుంది. హన్మయ్య ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకుని, "కూసో, కూసో, అలవకముందే కూసో," అన్నాడు. ఆమె నవ్వుతూనే ఆయన పక్కన కూర్చుంది.