పెద్దమ్మ మీద వేసిన నింద

పన్నెండేళ్లు దాచిన మాట ఇది. వెలిగండ్ల దగ్గరి మా ఊరి చర్చికి మైకు శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌ను నేనే చిప్పుతో తయారుచేశాను. ఒక ఆదివారం మార్తమ్మ పెద్దమ్మ పాడుతుండగా అందులోంచి పొగ లేచింది. దుమ్ము పడకుండా ఆమె దానిమీద గుడ్డ కప్పేది.

"గాలాడకుండా కప్పి కాల్చినావు గదా పెద్దమ్మా!" అని అందరి ముందు అరిచాను.

ఇంటికెళ్లి విప్పితే, చిప్పు వేడిని లాగే అల్యూమినియం రేకు వదులుగా ఊగుతోంది. స్క్రూ బిగించనిది నేనే. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఆ రోజు నుంచి పెద్దమ్మ చర్చిలో పాడటం మానేసింది.

మొన్న రేకు గట్టిగా బిగించి, ఫ్యాను కూడా పెట్టి కొత్తది చేశాను. ప్రార్థనయ్యాక అందరి ముందే నిజం చెప్పాను.

"ఇన్నాళ్లకు నోరొచ్చిందా నాయనా? ఇదన్నా కాలకుండా ఉంటాదా?" అంటూ పెద్దమ్మ మైకు కోసం చెయ్యి చాచింది. అందరూ నవ్వారు.

మైకు ఇస్తూ, "తప్పు నాదే పెద్దమ్మా, నన్ను క్షమించు" అన్నాను.