మొహాలు మాడ్చుకుని చూసిన ఇల్లు

సొంత ఇల్లు కొనుక్కోవడానికి మనిషికి కావలసినవి రెండే రెండని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఒకటి సౌందర్య దృష్టి, రెండోది బ్యాంకు లోను. (సమయానికి నోరు మూసుకోవడం మూడోదని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదనుకోండి, అది వేరే సంగతి.) రెండువేల సంవత్సరం దాటిన కొత్త. జేబులో సెల్‌ఫోను ఉన్నవాణ్ణి జనం తల తిప్పి చూసే కాలం. ఏలూరులో కాపురం, తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం. పొద్దున్నే పాసింజరెక్కడం, ప్రబంధాల్లోని వర్ణనలన్నీ పిల్లల నెత్తిన కుమ్మరించడం, సాయంత్రం మళ్ళీ పాసింజర్లో నిలబడి ఇంటికి రావడం. ఆ వర్ణనలు పిల్లలకు అబ్బాయో లేదో గానీ, వాటి జబ్బు మాత్రం నాకు బాగా అంటుకుంది. కాఫీ బాగుందని చెప్పడానికి కూడా నాకు నాలుగైదు వాక్యాలు పట్టేవి. మా ఆవిడ రెండో వాక్యానికే గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది.

మేం అద్దెకున్న వాటా యజమానులు చాలా మర్యాదస్తులు. మా ఆవిడకు నెల తప్పిందని తెలియగానే ఇంటావిడ పూతరేకులు పట్టుకొచ్చి, "చాలా సంతోషమమ్మా! చల్లగా ఉండాలి. మా ఆయనకి మాత్రం పసిపిల్లల ఏడుపంటే పడదమ్మా, బీపీ మనిషి. మీరేవనుకోకుండా నిదానంగా వేరే ఇల్లు చూసుకోండి" అని పూతరేకంత మెత్తగా చెప్పేసి వెళ్ళింది. ఆ మాట పెదపాడులో ఉన్న మా అత్తగారి చెవిన పడింది. ఆవిడ వెంటనే బస్సెక్కి వచ్చి, "ఏడో నెల వచ్చాక ఇల్లు మారకూడదు బాబూ. పాలు పొంగించడమేదో ఈలోపే కానిచ్చెయ్యండి. ఆ తరవాతయితే మేం ఒప్పుకోం" అని మరో గడువు పెట్టింది. అటు ఇంటావిడ, ఇటు అత్తగారు, మధ్యలో మా ఆవిడ పొట్ట రోజురోజుకీ పెరిగిపోతోంది. ఎలాగూ మారాలి కాబట్టి సొంతదే చూద్దామని ఇద్దరం అనుకున్నాం. దాచుకున్నదీ, లోనూ కలిపితే ఒకే ఒక్క ఫ్లాటుకు, ఒకే ఒక్కసారికి సరిపోతుంది. ఎంచుకోవడంలో పొరపాటు పడితే రిటైరయ్యేదాకా అందులోనే పడుండాలి.

చూడగా చూడగా రెండు తేలాయి. ఒకటి బైపాసు వైపు కొత్తగా కట్టిన ఫ్లాటు. వంక పెట్టడానికి లేదు. తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, గదికో బాత్రూము, అన్నీ ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. కిటికీ తీస్తే మాత్రం పక్క ఫ్లాటు కిటికీ. వాళ్ళు పోపు పెడితే మనకు తుమ్ములొస్తాయి. రెండోది కాలవ గట్టు మీది పాత మేడలో, రెండో అంతస్తు ఫ్లాటు. అపార్టుమెంటు అన్న మాట మా ఊళ్ళోకి వచ్చిన కొత్తలో కట్టిన మేడ అది. అప్పటికింకా అపార్టుమెంటంటే ఎలా ఉండాలో కట్టేవాళ్ళకు కూడా తెలియదు కాబట్టి, ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టేశారు. అద్దంలా మెరిసే ఎర్ర గచ్చు, ఇంతెత్తు శ్లాబు, టేకు కిటికీలకు పైన రంగు రంగుల అద్దాలు, హాలు చివర కాలవ మీదికి వంగినట్టు గుండ్రటి బాల్కనీ. బాగానే ఉంది కదా, మరి పడగ్గదిలోకి వెళ్ళేదెలా? వంటింట్లోంచి. బాత్రూముకి? పడగ్గదిలోంచి. అంటే ఇంటికొచ్చిన చుట్టం కాళ్ళు కడుక్కోవాలంటే మన పొయ్యీ, మన మంచం చూసుకుంటూ వెళ్ళాలన్నమాట. లిఫ్టు లేదు. ధర మాత్రం కొత్తదానికెంతో దీనికీ అంతే, ఊరి మధ్యలో ఉంది కాబట్టి. బ్రోకరుతో వెళ్ళి మొదటిసారి చూసినప్పుడు ఆ బాల్కనీలో నిలబడ్డానండీ, అంతే. కాలవ మీంచి గాలి వచ్చి చొక్కా ఎగరేసింది. ఇల్లంటే ఇదీ అనుకున్నాను. బాత్రూము సంగతి ఆ గాలికే కొట్టుకుపోయింది.

ఆ ఫ్లాటు యజమాని ఊళ్ళో వాచీలు బాగుచేసే సాయిబుగారు. తెల్లటి గడ్డం, అంతకంటే తెల్లటి లాల్చీ. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక, అది అమ్మేసి కింద ఇల్లేదైనా కొనుక్కుందామని ఆయన ఆలోచన. బేరం నేనే ఆడతానంటే మా అమ్మ పడనిచ్చిందా! "నీకు నోరుంది గానీ బేరం లేదు" అని కలిదిండిలో ఉన్న మా మేనమామకు కబురు పెట్టింది. మావయ్యకు చేపల చెరువులున్నాయి. చెరువు పట్టుబడి రోజున గట్టు మీదికొచ్చే కొనుగోలుదార్లు చేపను పైకెత్తి, "ఏంటండీ ఇది, తలకాయే గానీ ఒళ్ళేది?" అని ముఖం చిట్లించుకుని, మూతి విరిచి, చివరికి అదే చేపను లారీ నిండా ఎత్తుకుపోతారు. అది చూసీ చూసీ మావయ్యకు ఒక సిద్ధాంతం ఏర్పడింది. సాయిబుగారింటి మెట్ల దగ్గర నన్నూ మా ఆవిణ్ణీ ఆపి ఆ సిద్ధాంతం ఉపదేశించాడు.

"ఒరే అల్లుడూ, సరుకు నచ్చినట్టు మొహంలో కనపడిందనుకో, అక్కడికక్కడే రేటు పెరిగిపోద్ది. నువ్వు నోరు తెరవకు. అమ్మాయ్, నువ్వు కూడానమ్మా. ఇద్దరూ చక్కగా మొహాలు మాడ్చుకుని కూర్చోండి. వంకలు పెట్టే పని నాది."

కూర్చున్నాం. సోఫాలో పక్కపక్కనే, ఎవరో పోయిన ఇంటికి పలకరింపుకెళ్ళినట్టు. నేనయితే లోపల్నుంచి తన్నుకొస్తున్న ఆనందాన్ని అదిమిపెట్టడానికి పళ్ళు బిగబట్టి, పంటి నొప్పి ఉన్నవాడిలా అయిపోయాను. మా ఆవిడ వైపు ఓరగా చూశాను. ఆవిడ మొహం చూసి నాకే భయం వేసింది. అంత సహజంగా మాడిపోయింది. అయ్యయ్యో, దీనికి నిజంగానే నచ్చలేదే అనుకున్నాను. వెళ్ళిన కాసేపటికి లేచి, ఇల్లంతా నెమ్మదిగా ఓసారి తిరిగొచ్చి, మళ్ళీ అదే మొహంతో కూర్చుంది.

మావయ్య మొదలెట్టాడు. "ఏవండీ సాయిబుగారూ, పడగ్గదికి వంటింట్లోంచా దారి? నిద్రమత్తులో ఉన్నోడు సాంబార్లో కాలేస్తేనో?" "అవునండీ, అదొక ఇబ్బందేనండీ" అన్నారాయన ఎంతో బాధగా. "ఇంతెత్తు శ్లాబేంటండీ? ఫ్యాను గాలి కిందకి దిగేసరికి తెల్లారిపోద్ది." "నిజమేనండీ." "ఆ బాల్కనీ గుండ్రంగా ఉందేంటండీ? మంచం వేసుకుంటే కోళ్ళు ఎక్కడ ఆనతాయి? ఆ రంగు అద్దాలేంటి? అన్నం మీద పచ్చరంగు పడితే అది పప్పో పచ్చడో తెలీదు కదండీ!" ప్రతి వంకకూ సాయిబుగారు తల ఊపుతున్నారు. పైగా, "మీరు మూల గది చూళ్ళేదండీ, వానాకాలం గోడ చెమ్మగిల్లుద్ది. కుళాయి కూడా ఓపట్టాన రాదు" అని ఆయనే కొత్త వంకలు అందిస్తున్నారు. మావయ్య నా తొడ మీద గిల్లాడు, గెలిచేస్తున్నామని. (ఆ గిల్లుడు మచ్చ చాలాకాలం ఉంది.) చివరికి లక్ష రూపాయలు తగ్గించి ఓ మాటన్నాడు. సాయిబుగారు గడ్డం సవరించుకుని, చేతులు రెండూ జోడించారు.

"ఏవనుకోకండి బాబూ. డబ్బు సంగతి కాదండీ. ఇన్ని ఇబ్బందులున్నాయని తెలిసి కూడా కడుపుతో ఉన్న పిల్లకి ఈ ఇల్లు అంటగట్టానంటే, రేపు నేను నమాజుకి ఏ మొహంతో నిలబడతానండీ? మీరు ఇంకేదైనా మంచిది చూసుకోండి. టీ తాగి వెళ్ళండి."

టీ తాగాం. మంచి టీ. మా మావయ్య టీ సాసర్లో పోసుకుని, అది చల్లారిపోయినా ఊదుతూనే ఉన్నాడు. చెరువు గట్టు మీద "తలకాయే గానీ ఒళ్ళు లేదు" అంటే, "అవునండీ పాపం, అయితే కొనకండి" అన్నవాణ్ణి ఆయనెప్పుడూ చూళ్ళేదు. కిందికి దిగాక తేరుకుని, "బెట్టు చేస్తున్నాడ్రా, నాలుగు రోజులాగు, ఆయనే కబురంపుతాడు" అని కలిదిండి బస్సెక్కేశాడు. కబురు రాలేదు. ఇంట్లో మా ఆవిణ్ణి అడిగితే, "మీ ఇష్టమండీ" అంది. పెళ్ళయిన మొగవాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు కదా. నచ్చలేదు, కానీ నన్ను బాధపెట్టలేక అంటోంది అని తేల్చుకున్నాను. అయినా నాకు ఆ బాల్కనీ మీద మనసు చావలేదు. అక్కడికెళ్ళి రెండు రోజులుంటే ఆవిడకు అదే నచ్చుతుంది, ముందు సాయిబుగార్ని ఒప్పించాలి అనుకుని, ఓ ఆదివారం సాయంత్రం మిత్రుణ్ణి చూసొస్తానని చెప్పి ఒక్కణ్ణే బయల్దేరాను.

"మా మావయ్య అన్నదంతా బేరం కోసం అన్న మాటలండీ, అందులో ఒక్కటి కూడా నిజం కాదు" అన్నాను వెళ్తూనే. సాయిబుగారు నమ్మలేదు. అప్పుడు ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి నిలబెట్టి, అందుకున్నానండీ! సాయంత్రపు ఎండ రంగు అద్దాల్లోంచి ఎర్ర గచ్చు మీద ఎలా పరుచుకుంటుందో చెప్పాను. రోహిణీ కార్తెలో ఊరంతా ఉడికిపోతుంటే ఆ ఎత్తు శ్లాబు కింద ఎంత చల్లగా ఉంటుందో చెప్పాను. కాలవ గాలిని పట్టుకోవాలంటే బాల్కనీ గుండ్రంగా ఉండక ఇంకెలా ఉంటుందన్నాను. చివరికి ఆ వంటింటి దారిని కూడా వదల్లేదు. "ఇంట్లో ఎవరు ఎటు వెళ్ళాలన్నా వంట చేసే ఇల్లాలి ముందునుంచే వెళ్ళాలి సాయిబుగారూ. ఆవిణ్ణి పలకరించకుండా ఒక్కరూ అడుగు తీసి అడుగు వెయ్యలేరు. ఏ కొత్త ఫ్లాటులో ఉందండీ ఈ గౌరవం?" అన్నాను. క్లాసులో అయితే ఆ మాటకు చప్పట్లు పడేవి. ఇక్కడ పరదా వెనక నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడొచ్చింది. సాయిబుగారి భార్య బయటికి వచ్చింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"విన్నారా? ఇన్నేళ్ళ నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే కదండీ! అమ్మొద్దండీ, అమ్మొద్దండీ అంటే నా మాట చెవినేసుకున్నారా మీరు? బయటి బిడ్డ చెప్తే గానీ తెలిసిందా?"

సాయిబుగారు బాల్కనీ కమ్మీ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు, కాలవను మొదటిసారి చూస్తున్నట్టు. తరవాత నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. "మాస్టారూ, కళ్ళు తెరిపించారండీ. ఇంత మంచి ఇల్లు ఎవడైనా అమ్ముకుంటాడా చెప్పండి? మోకాళ్ళదేముంది, మెల్లగా ఎక్కుతాను." ఆ తరవాత సేమియా పెట్టారు. ఏం చేస్తాను? తిన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పప్పు తిరగమోత పెడుతోంది. దాచడం నావల్ల కాలేదు. జరిగిందంతా చెప్పేసి, ఆవిడ మనసు తేలిక పడుతుందని, "పోనీలే, ఒకందుకు మంచిదే అయింది. నీకెలాగూ నచ్చలేదు కదా ఆ ఇల్లు. బైపాసు దగ్గరదే తీసుకుందాం" అన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నచ్చలేదని నేనెప్పుడన్నానండీ?"

"అదేంటి, ఆవేళ అంత మొహం పెట్టుకుని..."

"మావయ్యగారు పెట్టుకోమన్నారని పెట్టుకున్నాను! మీకు నచ్చలేదేమో, వంటింట్లోంచి దారని మీరు చిరాకు పడుతున్నారేమో అనుకున్నాను. మీ మొహం చూస్తే పంటి నొప్పొచ్చినట్టుంది. అందుకే మీ ఇష్టం అన్నాను." అని ఆగి, గొంతు తగ్గించి, "బాల్కనీ గుమ్మానికి ఇవతల, పైన దూలానికి ఇనప కొక్కెం ఉందండీ. ఉయ్యాల అక్కడ కడదామనుకున్నాను. గాలి సరిగ్గా అక్కడికే వస్తుంది" అంది. ఆ మాట అనేసి చిన్నపిల్లలా ఏడ్చింది.

అంతసేపు వర్ణించినవాణ్ణి, ఆ కొక్కెం నేను చూడలేదు. ఆ రాత్రి పప్పు మాడిపోయింది. ఇద్దరం అదే తిన్నాం. తినడం సగంలో ఉండగా ఆవిడకు నేను వంటింటి దారికి అంటగట్టిన గౌరవం గుర్తొచ్చి, "నిజంగా అలా అన్నారా?" అని నవ్వు మొదలెట్టింది. ఆపుకోలేక కంచం జరిపేసి మరీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, అందులో సగం ఏడుపే.

బైపాసు ఫ్లాటులో ఏడో నెల రాకముందే పాలు పొంగించాం. అత్తగారు సంతోషించింది. ఈ ఇంట్లో దేనికీ వంక పెట్టలేం. ఉయ్యాల కట్టడానికి కొక్కెం లేకపోతే ఇనప స్టాండుది కొన్నాం. దానికి ఎంత నూనె వేసినా కిర్రుమనేది, మా అమ్మాయి ఆ కిర్రు లేనిదే నిద్రపోయేది కాదు. ఇప్పటికీ ఇదే ఇంట్లో ఉన్నాం. లోను తీరిపోయింది, పక్క ఫ్లాటువాళ్ళ పోపు అలవాటయిపోయింది. కానీ ఒక్కోసారి ఆ సోఫా కళ్ళ ముందుకొస్తుంది. ఒకే ఇంటి మీద మనసు పారేసుకుని, ఒకరికి నచ్చలేదని ఇంకొకరు దిగులు పడుతూ, పక్కపక్కనే బిగుసుకుపోయి కూర్చున్న ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ కనిపిస్తారు. ఆ సన్నకారు లెక్చరర్ని చూస్తే నాకిప్పుడు కోపం కూడా రాదు. కాలవ గురించీ, గాలి గురించీ అంత చెప్పగలిగినవాడు, మెట్లు దిగుతూ పక్కనున్న పెళ్ళాన్ని "నీకు నచ్చిందా?" అని మామూలుగా ఒక్క ముక్క అడిగుంటే ఎంత బాగుండేదోనని మాత్రం అనిపిస్తుంది. ఈ మాట మా ఆవిడతో అంటే, "మీరు అడిగినా నేను మీ ఇష్టమనే అనేదాన్నిలెండి" అంటూ నవ్వి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.