లచ్చన్న ఉచ్చు, హమూద్ కుక్క

గల్ఫ్‌లో ఇబ్రి పట్నం దాటి ఎడారి వైపు పోతే హమూద్ ముసలాయన తోట వస్తుంది. ఖర్జూరపు చెట్లు, ఒంటెల కోసం పెంచే పచ్చగడ్డి మడులు, ఒక నీళ్ల తొట్టి, బర్క్ అనే వేటకుక్క. వీటన్నిటినీ చూసుకునే మనిషి లచ్చన్న. నిర్మల్ జిల్లా ఖానాపూర్ వైపు నుంచి వచ్చాడు. కుక్కకి కూడా డ్యూటీ చెయ్యాలా అని మొదట్లో మూతి ముడుచుకున్నాడు గానీ, ఏడాది తిరిగేసరికి తన రొట్టెలో సగం దానికి పెట్టనిదే అతనికి ముద్ద దిగేది కాదు.

బర్క్ సలూకీ జాతిది. పొడుగాటి కాళ్లు, పిడికిట్లో పట్టేస్తుందేమో అనిపించే నడుము. హమూద్ తాతలు ఇలాంటి కుక్కలతోనే జింకల్ని వేటాడారు. ఇప్పుడు జింకని ముట్టుకుంటే జైలు. అందుకని బర్క్‌కి చలికాలంలో పందేలు, తెల్లారగానే గడ్డి మడుల్లో ఒక పరుగు, అంతే మిగిలాయి. వాగు వైపు కంచెలో చిన్న సందుంది. జింకలు దాంట్లోంచే మేతకి దూరేవి. గొలుసు విప్పగానే బర్క్ వాటిని అదే సందులోంచి బయటికి తరిమి, వాగు ఒడ్డు దాకా వెళ్లి, ఈల వినపడగానే తిరిగొచ్చేది. సందు మూసేద్దామని లచ్చన్న ఒకసారి అంటే ముసలాయన ఒప్పుకోలేదు.

"లోపలికొచ్చింది బయటికి పోవద్దా?" అన్నాడు.

సాయంత్రాలు చాప మీద కావా కాఫీ తాగుతూ ఇద్దరూ వేట గురించి వాదించుకునేవారు. హిందీ సగం, అరబ్బీ సగం, మిగతాది చేతులు. లచ్చన్నదీ వేటగాళ్ల ఇల్లే. తాత దుప్పుల దారిలో ఉచ్చులు పెట్టేవాడు. కుక్కని ఏనాడూ అడవికి తీసుకుపోలేదు. కుక్క తరిమిన మాంసంలో భయం ఉంటుందని, అది నోటికి పుల్లగా తగులుతుందని ఆయన నమ్మకం. మొక్కి ఉచ్చు పెట్టడం, చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం, అంతే వేట. ఆ ముడి ఎలా వేస్తారో లచ్చన్న ఒక దారంతో ముసలాయనకి వేసి కూడా చూపించాడు.

హమూద్ తల అడ్డంగా ఊపాడు. "మేం దేవుడి పేరు చెప్పి కుక్కని వదుల్తాం. జింక దాన్ని చూస్తుంది. దానికీ కాళ్లున్నాయి, పరిగెత్తుతుంది. మీ ఉచ్చుకి కళ్లేవి? ఎవరొచ్చినా పట్టేస్తుంది కదా!"

"అందుకే అర్బాబ్, పెట్టినవాడు దాని పక్కనే కూర్చోవాలి. పిల్లతల్లి వస్తే విప్పి వదిలెయ్యాలి. కూర్చునే ఓపిక లేనోడు ఉచ్చు ముట్టొద్దనేవాడు మా తాత" అన్నాడు లచ్చన్న తన యజమానితో. అనడం తేలికే.

చెడగొట్టింది రఘుపతి. లచ్చన్న పక్క ఊరివాడు, ఇబ్రిలో బిల్డింగ్ సైట్‌లో పని. సెలవు రోజున తోటకి వచ్చినప్పుడల్లా ఇదే పాట.

"ఏందన్నా, జింకలు నీ ముంగట్నే తిరుగుతుంటే నువ్వు ఫ్రిజ్‌ల కోడి తింటవా? మీ తాత పేరు ఖరాబ్ చేస్తున్నవ్ పో."

"అర్బాబ్‌కు తెలిస్తే నా పని ఖతం. జైలుకు తోలుతరు."

"ఉచ్చు మొత్తుకుంటదా? ఎవలకు తెలుస్తది?"

నెలల తరబడి చెవిలో పోరితే ఎంతటివాడైనా మెత్తబడతాడు. పైగా లచ్చన్నకి నోరూరింది, అది దాచాల్సిన పని లేదు. ఒక శుక్రవారం తెల్లవారుజామున ఇనుప తీగతో ముడి వేసి, మొక్కి, సందులో ఉచ్చు పెట్టాడు. పెట్టి, తాత చెప్పినట్టే దాని పక్కన కూర్చున్నాడు. వెలుగు రాగానే గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టింది. డ్రైవర్ ఒకటే కేకలు. పైపు తగిలించి చిటికెలో వచ్చేద్దామని లచ్చన్న లేచాడు.

శుక్రవారాల్లో పొద్దెక్కితే గానీ రాని హమూద్ ఆ రోజు ముందే వచ్చాడు. కంచె అవతల ఒక జింక నిలబడి ఉంది. ముసలాయన ముచ్చటపడి తనే గొలుసు విప్పాడు. బర్క్ సూటిగా సందు వైపు దూసుకుపోయింది.

దాని అరుపు లచ్చన్నకి గేటు దగ్గర వినిపించింది. పైపు వదిలేసి పరిగెత్తాడు. బర్క్ ముందరి కాలు తీగలో బిగిసి, ఎముక విరిగి వేలాడుతోంది. ముసలాయన దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తీగ విప్పడం ఆయనకి చేతకాలేదు. లచ్చన్నే విప్పాడు. విప్పుతుంటే ఆ ముడిని చూశాడు హమూద్. ఎవరు పెట్టారని అడగలేదు.

పశువుల డాక్టరు కాలు నిలబెట్టాడు గానీ, ఇక పరుగు మాత్రం ఉండదన్నాడు. ముసలాయన వీసా కేన్సిల్ చేసి పంపేస్తాడనుకుని లచ్చన్న బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు. కుక్క మొహం చూడలేక కుమిలిపోయాడు. రఘుపతి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సాయంత్రం హమూద్ వచ్చి బ్యాగు వైపు చూశాడు.

"నువ్వు పోతే జింకల్ని ఎవరు తరుముతారు? బర్క్ తరమలేదు కదా. రేపట్నుంచి దాని పని నువ్వు చెయ్యి."

తమాషాకి అన్నాడేమో అనుకున్నాడు లచ్చన్న. కాదు. మర్నాడు పొద్దున్నే ముసలాయన చాప వేసుకుని కూర్చున్నాడు. గడ్డిలో జింకలు మేస్తున్నాయి. కుక్క రాదని వాటికి అప్పుడే తెలిసిపోయింది. లచ్చన్న లుంగీ ఎగ్గట్టి, "హో హో" అని అరుస్తూ వాటి వెంట పడ్డాడు. జింక వెనకాల ఏనాడూ అడుగు వెయ్యని ఇంటి మనిషి, సందులోంచి వంగి దూరి, వాగు ఒడ్డు దాకా రొప్పుతూ పరిగెత్తాడు. వెనక నుంచి ఈల వినిపించింది. బర్క్‌కి వేసే ఈలే. లచ్చన్న ఆగి, వెనక్కి తిరిగాడు.

బర్క్ కట్టుకట్టిన కాలు పైకెత్తుకుని, కుంటుకుంటూ సందు దాకా వచ్చి ఆగిపోయి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది గానీ సందు దాటలేదు. తీగ కట్టిన గుంజని వాసన చూస్తోంది. లచ్చన్న వచ్చి దాని పక్కనే, ఆ సందులోనే కూలబడ్డాడు. ముసలాయన రెండోసారి ఈల వేశాడు. బర్క్ వెళ్లింది. లచ్చన్న మాత్రం ఎండ నెత్తికెక్కే దాకా, నిన్న తను లేచిపోయిన ఆ చోటే కూర్చున్నాడు.