పురుగుల్ని సాకిన డాక్టరు

పురుగుల్ని "ఇవి" అనకుండా "వీళ్లు" అనే మనిషిని ఆ ఒక్క డాక్టరునే చూశాను.

దుమ్ముగూడెం అడవిలో, గుట్ట కింద, తల పగిలిన నా పెనిమిటి శవం శనివారం దొరికింది. అంతకుముందు ఆదివారం సంతలో ఆయనతో కొట్లాడిన నా తమ్ముడే ఆ రాత్రి చంపాడని పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. సోమవారం నుంచి వాడు ఖమ్మంలో బస్తాలు మోస్తున్నాడంటే వినలేదు.

దవాఖానాలో శవాన్ని పసుపునీళ్లతో కడగాలని నేను పురుగుల్ని ఏరి పారేస్తుంటే డాక్టరు ఉరికివచ్చాడు.

"ఆగమ్మా! నీ తమ్మునికి సాక్షులు వీళ్లే."

"పురుగులు సాక్ష్యం చెప్తయా? పిచ్చా ఏంది సారూ నీకు?"

"ఈగ గుడ్లు పెట్టిన రోజు తెలిస్తే మనిషి పోయిన రోజు తెలుస్తది."

మిగిలినవాటిని సీసాలో వేసి, మూతికి పాత బనీను గుడ్డ కట్టాడు. వాటికి మేక కార్జం నేనే తెచ్చిచ్చాను. తోటి డాక్టర్లు ఎంత నవ్వినా, "ఇయ్యాల వీళ్లు మంచిగ తిన్నరు" అంటూ పుస్తకంలో రాసుకునేవాడు.

పురుగులు ఈగలైన రోజు ఆయన ఒక్కో వేలు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టి, బుధవారం దగ్గర ఆగాడు.

"నీ తమ్ముడు కాదమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ ఆదివారం రాత్రి అలిగి అడవిలోకి పోయిన నా పెనిమిటిని "ఆకలైతే ఆయనే వస్తడు" అని ఎవరినీ వెతకనివ్వనిది నేనే.

"బుధారం దాకా బతికే ఉన్నడా సారూ?"

"కోర్టులో అదే అడుగుతరమ్మా. చెప్పక తప్పదు."

"చెప్పు. నేను ముందల్నే కూసొని వింట."