ఇరవై పౌన్ల ఇడ్లీ రవ్వ

డెబ్భైల చివర అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం పెట్టాం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. మంచులో బండి ఎలా నడపాలో బల్ల గుద్ది చెప్పేవారు. ఎండాకాలంలోనే నాకు లైసెన్స్ వచ్చినా, నవంబరు దాటితే కారు నా చేతికిచ్చేవారు కాదు. "మంచులో నువ్వా? స్ప్రింగ్ రానీ, చూద్దాం," అనేవారు. పాలు అయిపోయినా, లైబ్రరీకి వెళ్ళాలన్నా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడమే నా పని. ఒళ్ళు మండిపోయేది.

ఆ జనవరిలో ఒక ల్యాబ్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, ఉదయం పదింటికి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఏడాదిన్నరగా వంకాయలు తరుగుతున్నదాన్ని. ఇది పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఆయన సెలవు పెట్టి దింపుతానన్నారు. తీరా చూస్తే, పార్కింగ్‌లోంచి బయట పడకముందే వెనక చక్రాలు మంచులో కూరుకుపోయాయి. ఇంజనీరుగారు ముందుకీ వెనక్కీ ఊపారు. కారు మొండికేసింది. కారులో కాళ్ళ కింది మ్యాట్లు తీసి చక్రాల కింద వేస్తే వాటిని వెనక్కి విసిరికొట్టింది. తొమ్మిదింబావయింది.

పక్క అపార్ట్‌మెంట్ అమెరికన్ పెద్దాయన పార పట్టుకుని వచ్చి, చక్రాల కింద ఇసకో, గరుగ్గా ఉండేది ఏదో ఒకటో పోయమన్నాడు. ఆయన దగ్గర ఇసక నిండుకుందట.

కారు వెనక ట్రంకు తెరిచాను. షికాగో దాకా ఐదు గంటలు వెళ్ళి తెచ్చుకున్న ఇడ్లీ రవ్వ సంచి. పైకి మోయడానికి బద్ధకించి మా ఆయన వారంగా అక్కడే ఉంచారు.

"వద్దే! తినేదాని మీద టైరెక్కిస్తావా? కళ్ళు పోతాయ్!"

"పోతే నావే పోతాయి. మీరు జరగండి."

అన్నానే గానీ, మెతుకు తొక్కితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. లెంపలు వేసుకుని, సంచి చింపి, రెండు చక్రాల కిందా పోశాను.

"సరే, నేను తోస్తా. నువ్వు స్టీరింగ్ పట్టుకో. స్లోగా వెళ్ళు. బయటికొచ్చాక మాత్రం ఆపకు, మళ్ళీ స్టక్ అవుతుంది," అన్నారు.

కరకరమంటూ చక్రాలు పట్టు చిక్కించుకున్నాయి, కారు ఒక్క ఉదుటున బయటపడింది. అద్దంలో చూస్తే, టోపీ నుంచి బూట్ల దాకా రవ్వతో తెల్లబడ్డ మా ఆయన చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నారు. "ఆగు! ఆగవే!"

ఆపొద్దని చెప్పింది ఆయనే. చెప్పిన మాట వినే ఇల్లాలిని కదా, ఆపలేదు.

రోడ్డెక్కాక నవ్వు పోయి భయం పట్టుకుంది. ఇరవై మైళ్ళ వేగం దాటలేదు. వెనకవాళ్ళు హారన్ కొడితే కొట్టుకోనిచ్చాను. ఒక సిగ్నల్ దగ్గర కారు అడ్డంగా జారితే, తెలిసిన దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాను.

పదికి ఐదు నిమిషాలుందనగా ల్యాబ్ ముందు ఆపాను. కోటు విప్పేలోపే లోపలికి పిలిచారు. ఇంటర్వ్యూ చేసే ఆవిడ కిటికీలోంచి బయటికి చూసి, ఇంత మంచులో మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారని అడిగింది.

"నేనే వచ్చాను," అన్నాను.

అమెరికాలో దిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి.