ఇంజన్ చల్లారేదాకా

మా వైపు చావు కబురు ఫోన్‌లో చెప్పరు. "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా" అంటారు. విన్నవాళ్లలో సగం మందికి సంగతి అర్థమవుతుంది. అయినా అర్థం కానట్టే బస్సెక్కుతారు. మనిషి దారిలో కూలబడిపోకుండా వచ్చి చేరాలని పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. చాలా ఏళ్లు పత్రికలో పనిచేశాను. ఎవరు ఎన్నింటికి పోయారో ముందు కనుక్కుని, తక్కినది ఆ తర్వాత రాయడం నా ఉద్యోగం. అయినా మా ఇంట్లో ఈ పద్ధతి మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు.

మా వదిన తిరువళ్లూరు ఆస్పత్రిలో పోయిన రోజు అన్నకు ఫోన్ చేసింది మా బావ, అక్క భర్త. నేను ఆయన పక్కనే ఉన్నాను. వదిన ముఖం మీదికి నర్సు దుప్పటి లాగడం అక్క, బావ, నేను ముగ్గురమూ చూశాం. ఆ తర్వాతే బావ వరండాలోకి వచ్చి, గొంతు సవరించుకుని, "సీరియస్ అంటా ఉండారు రా, వచ్చేయ్" అన్నాడు.

అన్న అప్పుడు తిరుత్తణి అవతల ఉన్నాడు. ఆయనకు సొంత లారీ ఉంది. ఆత్తిపట్టు కరెంటు కేంద్రం నుంచి బూడిద తెచ్చి, ఇటుకలు చేసేచోట దింపడం ఆయన పని. ఆ రోజు లోడు దింపేసి, ఖాళీ బండితో బయల్దేరాడు. కనకమ్మ సత్రం దగ్గరికి వచ్చేసరికి వేడి చూపించే సూది ఎర్ర గీతను తాకింది. ఆయన ఇల్లు ఆ ఊళ్లోనే, రోడ్డు పక్కనే. అక్కడా ఆగలేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతే బండి పక్కకు తీసి, ఇంజన్ చల్లారేదాకా కూర్చోవాలి. ఆ తర్వాతే నీళ్లు పోయాలి. వేడి మీద పోస్తే ఇంజన్ మీది మూత, హెడ్డు, పగిలిపోతుంది. కాబట్టి కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. ఆయన కూర్చోలేదు. తిరువళ్లూరు ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక సరుగుడు తోపు పక్కన ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. బండిని అక్కడే వదిలేసి, వెనక వచ్చిన బస్సెక్కాడు.

ఆయన వచ్చేసరికి అక్క ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. "నీ కోసం వాకిలి చూసి చూసి కండ్లు మూసిందే, నీ అడుగు చప్పుడు వినకుండానే పోయిందే" అని. మా ఇళ్లలో ఎవరు పోయినా ఆడవాళ్లు ఈ మాటలతోనే ఏడుస్తారు. నిద్రలో పోయిన ముసలివాళ్లకూ ఇవే మాటలు. అవి ఏడుపులో భాగం. అన్న మాత్రం వాటిని జరిగిన సంగతిగా విన్నాడు. నిలబడి చివరిదాకా విన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

కర్మ అయిన తర్వాత లారీని ఇంకో లారీకి కట్టి ఇంటి ముందుకు లాక్కొచ్చాడు. కుర్రతనంలో ఆయన పట్టాభిరామ్‌లో ఒక డీజిల్ వర్క్‌షాపులో పనిచేశాడు. ఇంజన్ తనే విప్పుతానన్నాడు. మూడు ఇనప పైపులు నిలబెట్టి, పైన గొలుసు కప్పీ వేలాడదీసి, ఇంజన్‌ను బయటికి ఎత్తి, వాకిట్లో దుంగల మీద దింపాడు. నేను తిరువళ్లూరు నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ని. అక్కా బావా ఆ ఇంట్లోనే ఉండిపోయారు. వంట అక్కది.

"షెడ్డుకు ఇచ్చేయకూడదా?" అని ఒకసారి అడిగాను.

"ఇస్తే వాళ్లు బాగుచేసి ఇస్తారు. ఏం పోయిందో నాకు తెలియద్దా?" అన్నాడు. నట్టు ఒకటి విప్పి మళ్లీ, "పంపు పోయింటే ఆగినా లాభం ల్యా. బండి సత్రంలోనే నిలిచిపోయుండు. అట్లగాక చిన్నదేదన్నా అయితే..." అన్నాడు.

ఆగి ఉంటే వదినను చూసేవాడా అన్నది తేల్చుకోడానికే ఇంజన్ విప్పుతున్నాడని నాకప్పుడు తెలిసింది. బావకు చెప్పాను. బావ తల ఊపి, లోపలికెళ్లి పడుకున్నాడు.

హెడ్డు ఎత్తినప్పుడు మాడిన నూనె వాసన వీధిలోకి కొట్టింది. గాస్కెట్ ఒక పక్క కాలిపోయి ఉంది. రెండు పిస్టన్లు బోరుకు అతుక్కుపోయాయి. వాటిని చెక్క పెట్టి సుత్తితో కొట్టి దించాడు. లోపలి గోడల మీద గోళ్లతో గీరినట్టు గీతలు. అన్న ప్రతి ముక్కనూ వెలుతురుకు పెట్టి చూసి, తుడిచి, గోనెపట్టా మీద వరసగా పెట్టేవాడు. ముఖంలో ఏమీ కనిపించేది కాదు. నా ముఖంలోనూ కనిపించి ఉండదు. వదిన పోయిన తర్వాత నాకు ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురుచూడటం కూడా మానేశాను. ఆయన స్పానర్ అడిగితే అందించేవాణ్ని.

కొళాయి దగ్గర ఒక కొబ్బరి చిప్పలో సబ్బు ముక్క ఉండేది. అన్న గ్రీజు చేతుల కోసమని వదిన విడిగా పెట్టింది. ఇంట్లో సబ్బు ఆయన ముట్టుకోకూడదు. ఇప్పుడు కాదనేవాళ్లు లేకపోయినా ఆయన చిప్పలోని సబ్బుతోనే కడుక్కునేవాడు.

ఒకరోజు అక్క వాకిట్లోకి వచ్చి కేక వేసింది.

"ఒరే, అది నేను పులుసు కాచే చట్టి! దాంట్లో డీజిల్ పోసి నట్లు నానేసినావా?"

"కడిగిస్తాలే అక్కా."

"ఏమి కడిగేది? జన్మకు పోతుందా ఆ వాసన?"

అరుగు మీద నుంచి బావ అందుకున్నాడు. "నీ పులుసుకు మొదట్నించీ అదే వాసన గదా. ఎవురికీ తెలియదులే, కానీ."

"నీ నోట్లో గ్రీజు కొట్ట" అని అక్క లోపలికి వెళ్లింది. అన్న పెదవి కొంచెం కదిలింది. నవ్వాడని చెప్పలేను.

క్రాంకూ హెడ్డూ తిరువళ్లూరులో లేత్ షాపుకు వెళ్లి నున్నగా సాపై వచ్చాయి. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు వచ్చాయి. నీళ్ల పంపు విప్పితే లోపల శుభ్రంగా ఉంది. చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. ఫ్యాను బెల్టు తెగలేదు. రేడియేటర్‌కు రంధ్రం లేదు. చివరికి కింది రబ్బరు గొట్టాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ దొరికింది. చిటికెన వేలంత వెడల్పున్న క్లిప్పు. స్క్రూ వదులై, గొట్టం జారి, నీళ్లు కారిపోయాయి. అన్న దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు.

మర్నాడు వాల్వులు రుద్దడానికి కూర్చున్నాడు. వాల్వు అంచుకు ఇసుక లాంటి ముద్ద పూసి, కట్టెకున్న రబ్బరు మూతిని దానికి అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ తిప్పాలి. వాల్వూ దాని గూడూ వెంట్రుక దూరనంతగా కలిసేదాకా అదే పని. బావ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేను గుడ్డలు చింపుతున్నాను.

"బావా, ఆ కిటికీలో ఉండేది చూసినావా?" అన్నాడు అన్న, తిప్పుతూనే.

"చూసినా."

"స్క్రూ డ్రైవరు పని. ఆపి, చల్లారేదాకా కూసోని, పైపు ఎక్కించి, నీళ్లు పోసుకోనుంటే వచ్చేసుందును. వాకిలి చూసి చూసి పోయిందంట గదా. నేను కూసోలేకపోతి."

కర్ కర్ మని వాల్వు తిరుగుతోంది. బావ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"కూసున్నా చూసుండవు రా" అన్నాడు.

"ఏం?"

"నేను నీకు ఫోన్ చేసేటప్పటికే అయిపోయింది."

అన్న చేతులు ఆగలేదు. "సీరియస్ అంటివే."

"అట్లనే గదా చెప్తారు. స్టీరింగ్ పట్టుకోనుండేవానికి ఇంకెట్ల చెప్పేది? నీకు తెలిసుంటుంది అనుకుంటి."

"తెలియలా." కట్టె ఇంకొంచెంసేపు తిరిగింది. "మరి అక్క అట్ల ఏడ్చిందే? వాకిలి చూసి..."

టీ గ్లాసులతో వచ్చిన అక్క గడప దగ్గరే నిలబడిపోయింది. "అందరికీ అట్లనే గదరా ఏడుస్తారు. అమ్మ పోయినప్పుడూ అట్లనే ఏడిస్తిని, నువ్వు పక్కనే ఉంటివి. పొద్దున్నించీ దానికి తెలివే ల్యా. ఎవురినీ అడగలా. ఏ వాకిలీ చూడలా."

రోడ్డు మీద తిరుత్తణి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అన్న వాల్వు పైకెత్తి, గుడ్డతో తుడిచి, అంచు చుట్టూ ఏర్పడిన బూడిదరంగు గీతను చూశాడు.

"అట్లయితే ఇంజన్ ఊరికే పోయింది" అన్నాడు.

బావ తల దించుకున్నాడు. నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. రెండూ చేయలేదు. అన్న కొంచెం ముద్ద తీసుకుని మళ్లీ పూసి, ఇంకో వాల్వు మొదలుపెట్టాడు. అక్క గ్లాసులు కింద పెట్టి వెళ్లింది. టీ మీద మీగడ కట్టింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంజన్ మళ్లీ బండిలోకి ఎక్కింది. కొత్త క్లిప్పు పడింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదు, కర్పూరం వెలిగించలేదు. ఏడాది దాకా ఆ ఇంట్లో అలాంటివి చేయకూడదు. చేసే మనిషీ లేదు. డీజిల్ పైపులో గాలి పోయేదాకా చేతి పంపు కొట్టి, అన్న తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఇంజన్ అందుకుంది. అక్క చెవులు మూసుకుంది. అన్న కొళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నాడు. చిప్పలో సబ్బు అయిపోయింది. చిప్ప బోర్లించి వచ్చాడు.

కొత్త ఇంజన్‌ను కొన్నాళ్లు లోడు లేకుండా, తొందరపెట్టకుండా నడపాలి. మొదటిసారి తిరువళ్లూరు దాకా పోయి వద్దామన్నాడు. నేను పక్కన ఎక్కాను. మోటారు సైకిళ్లు, షేర్ ఆటోలు, చివరికి గడ్డి ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటి పోయాయి. సరుగుడు తోపు రాగానే అన్న బండి పక్కకు తీసి ఆపేశాడు.

సూది వైపు చూశాను. మధ్యలోనే నిలకడగా ఉంది.

"వేడి ఎక్కలేదు కదా?" అన్నాను.

"తెలుసు."

"మరి?"

"కొత్త ఇంజన్ గదా. చల్లారనీ."

దిగి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నేల మీద ఎండిన సరుగుడాకు సూదుల్లా పరుచుకుని ఉంది. రోడ్డుకు అవతల మోటారు షెడ్డులోంచి నీళ్లు కాలవలోకి పడుతున్నాయి. అక్కడ నీళ్లున్నాయని ఆయనకు ఆ రోజు కూడా తెలుసు. బస్సులు పోయాయి. మమ్మల్ని చూసి ఒక లారీ నెమ్మదించింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమైంది అన్నా?" అని తమిళంలో అడిగాడు. ఏమీ లేదన్నట్టు అన్న చెయ్యి ఊపాడు. నేను గడియారం చూడలేదు.

చాలాసేపటికి లేచాడు. ఇంజన్ మూత మీద అరచేయి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"చల్లారింది. ఎక్కు" అన్నాడు.