డాక్టర్‌కు చెప్పని మట్టి పని

ఆ ఉదయం గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక తోటలో వంకాయ మొక్కలకు మట్టి ఎగదోస్తున్నాం. పక్కింటి రజియా అక్క పార వదిలేసి గట్టు మీద కూర్చుంది. "సలి పెడుతంది సుగుణా" అంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

ఆ తోట మా వరుసలోని ఏడు ఇళ్లవాళ్లది. మొదట్లో అక్కడ రాళ్లూ బొగ్గుపొడీ తప్ప ఏమీ లేవు, గడ్డపార కూడా దిగేది కాదు. మూడేళ్లపాటు ఎండాకాలంలో వేపాకు కప్పి, తొలకరికి పేడ ఎరువు కలిపి, వానలకు నీళ్లు నిలవకుండా కాలువలు తీసి ఆ నేలను మెత్తబరిచాం. అందరికంటే ఎక్కువ కష్టపడింది రజియా అక్కే. ఆమెకు షుగర్. మడమలు పగిలి ఉండేవి. బురదలో దిగొద్దని కూతురు షబానా ఎన్నోసార్లు చెప్పింది. "అమ్మ కూసొని ఆకుకూర తెంపుతది, గంతే" అని నేను షబానాతో అబద్ధం చెప్పేదాన్ని. చెప్పులు బురదలో దిగబడుతున్నాయంటే విప్పేయమన్నదీ నేనే.

జ్వరం తగ్గలేదు. వారానికి దగ్గు మొదలైంది. దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే చూసి, "న్యుమోనియా లెక్క ఉంది. టీబీ కూడా కావొచ్చు. ఏం పని చేస్తదమ్మా ఈమె?" అని అడిగారు. పక్కనే షబానా ఉంది. "ఇంటి పనే సార్" అన్నాను. రజియా అక్క నా వైపు చూసి ఊరుకుంది.

టీబీ మందులు మొదలుపెట్టారు. పదిహేను రోజుల్లో మనిషి సగమైంది. మోకాలు వాచి చీము పట్టింది. కరీంనగర్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చీములో ఏ క్రిమి ఉందో చూడ్డానికి కల్చర్ టెస్టుకు పంపింది.

"ఇది టీబీ కాదు, మెలియాయిడోసిస్. మట్టిలో, బురద నీళ్లల్ల ఉండే బ్యాక్టీరియా. షుగర్ ఉన్నోళ్లకు జల్ది సోకుతది. మట్టి పని గిట్ల చేస్తదా?" అంది.

అప్పుడు చెప్పాను.

"మొదలే చెప్తే ఈ టెస్టు ముందే చేసెటోళ్లేమో" అందామె. షబానా లేచి బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

మోకాలికి ఆపరేషన్ చేశారు. వారాల తరబడి ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. కడుపులో తిప్పుతోందని మధ్యలో మాత్రలు మానేస్తే జ్వరం తిరగబెట్టింది. మళ్లీ అడ్మిట్ చేశారు.

ఇంటికొచ్చాక తప్పు నాదేనని చెప్పాను. "నాకు నోరు లేదా? నేను సుత చెప్పలే గద" అంది రజియా అక్క. ఆ మాటతో నా బాధ తగ్గలేదు.

ఇప్పుడు జ్వరం లేదు. మోకాలు మాత్రం వంగదు. నమాజు కుర్చీలో కూర్చునే చేస్తుంది. తోటకు రాదు. ఈ చలికాలం మెంతికూర బాగా వచ్చింది. నేనే ఒక కట్ట తీసుకెళ్తాను. షబానా గుమ్మంలోనే అందుకుంటుంది. లోపలికి రమ్మనదు.

మట్టి పని మానేయమని నేను ఎవరికీ చెప్పను. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం వానాకాలంలో బూట్లు లేకుండా బురదలో దిగకండి. జ్వరమొస్తే, పక్కన ఎవరున్నా సరే, మట్టిలో పనిచేశామని డాక్టర్‌కు మొదటి రోజే చెప్పండి.